పెళ్ళిచూపులు ఆపిన లెక్క

"నువ్వే వెళ్ళి తీసుకురావే. నా మాట వినడం ఎప్పుడో మానేసింది. నువ్వయితే కథలూ అవీ రాస్తావు, నీ మాటంటే దానికి కాస్త గురి" అంది అక్క ఫోన్లో. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది.

విషయం ఏమిటంటే, మా అక్క కూతురు బుజ్జి (ఇంట్లో పిలుపు ఇదే. అసలు పేరు పేపర్లో వేస్తే ఊరుకోనంది) బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. "ఆడపిల్లకు మెకానికల్ ఏమిటే, షెడ్డులో స్పానర్లు పట్టుకుంటుందా?" అని అప్పట్లో బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగంలో స్పానరు ముట్టుకునే పనే లేదు. కార్ల ఇంజన్లు ఇనుముతో తయారుకాక ముందే కంప్యూటర్లో నడిపి చూసే పని. ఆదివారం పెళ్ళిచూపులు పెట్టుకున్నారు. ఏలూరు నుంచి మగపెళ్ళివారు కారు మాట్లాడుకున్నారు కూడా. శుక్రవారం రాత్రి ఇది ఫోన్ చేసి "అమ్మా, నేను రాలేను. లెక్క కుదరడం లేదు" అందట.

"ఏం లెక్కే? జీతం లెక్కా?"

"ఇంజన్ లెక్క."

ఇక మా అక్క పరిస్థితి మీరే ఊహించుకోండి! ఏదో ఒకటి చెప్పి మగపెళ్ళివారిని రెండు వారాలు ఆపింది. రెండో వారమూ బుజ్జి అదే మాట అంది. అప్పుడు నన్ను పంపించారు. పిల్లవాణ్ణి మా అత్తగారికి అప్పగించి, రెండు రకాల పచ్చళ్ళు, ఓ డబ్బా సున్నుండలు పట్టుకుని రాత్రి రైలెక్కాను. దారంతా ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. వయసు, బాధ్యత, అమ్మ ఆరోగ్యం... ఎప్పుడూ వాడే సామానే.

తీరా వెళ్ళాక ఆ మాటల్లో సగం కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయడానికే ఇదంతా.

నిద్రలేక దాని కళ్ళు లోపలికి పోయాయి. సున్నుండ చేతిలో పెడితే తింటూనే లాప్‌టాప్ వైపు చూస్తోంది. "అసలు ఏమిటే ఆ లెక్క? నాకూ చెప్పు. నేనూ బి.ఎస్సీ. లెక్కలేగా" అన్నాను, కాస్త రోషంగానే. నిజంగానే గుంటూరులో బి.ఎస్సీ. చదివాను. ఎం.ఎస్సీ. సీటు వచ్చిన ఏడాదే పెళ్ళయింది. తర్వాత లెక్కలంటే పాలవాడి లెక్క, గ్యాస్ బుకింగ్ తేదీలు, అంతే. మూడో సంవత్సరంలో న్యూమరికల్ ఎనాలిసిస్ అని ఓ పేపరుండేది. అందులో రుంగే-కుట్టా పద్ధతి అని వస్తే వెనక బెంచీలో కూర్చుని "రుంగే ఎవరిని కుట్టాడే?" అని నవ్వుకోవడం గుర్తుంది. రుంగే, కుట్టా ఇద్దరు వేరువేరు జర్మన్ పండితులు. రుంగే 1895లో మొదలుపెట్టిన పద్ధతిని కుట్టా 1901లో చక్కదిద్దాడు.

"నీకు అదొచ్చా! అయితే సగం పని అయిపోయినట్టే. కాఫీ పెట్టు, చెబుతా" అంది బుజ్జి.

సెకనులో పాతికో వంతు

కారు నిదానంగా పోతున్నప్పుడు ఇంజన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 50 చుట్లు. గాలి పీల్చుకోవడం, దాన్ని నొక్కడం, మండించడం, పొగ బయటికి వదలడం అనే నాలుగు పనులకూ కలిపి రెండు చుట్లు పడుతుంది. అంటే సెకనులో పాతికో వంతులో నాలుగు పనులూ అయిపోతాయి. మంట మండేది అందులోనూ రెండు మూడు మిల్లీ సెకన్లే. ఆ కాస్తలోనే లోపల వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. డీజిల్ ఇంజన్లో అయితే సన్నని రంధ్రాల్లోంచి డీజిల్ తుంపర్లుగా చిమ్ముతుంది, గాలి సుడులు తిరుగుతుంది, తుంపర ఆవిరవుతుంది, అంటుకుంటుంది. లోపల ఏ మూల ఎంత వేడి ఉందో, పొగలో ఏం తయారవుతోందో ఇనుప గోడల బయట నిలబడితే ఎలా తెలుస్తుంది? గాజు కిటికీలు పెట్టిన ప్రయోగశాల ఇంజన్లు ఉన్నాయి కానీ కొత్త డిజైను అనుకున్న ప్రతిసారీ అలా తయారు చేయించడం అయ్యే పని కాదు.

లోపలి గాలి ఎలా కదలాలో చెప్పే సమీకరణాలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి. ఫ్రాన్సులో నేవియర్, బ్రిటన్లో స్టోక్స్ రాసినవి. చిక్కేమిటంటే, ఇంజన్ లాంటి చోట వాటిని కాగితం మీద సాధించి 'ఇదిగో జవాబు' అని సూత్రం రాయడం ఎవరి వల్లా కాలేదు. అందుకని చేసే పనేమిటంటే, సిలిండర్ లోపలి జాగాను చిన్నచిన్న గళ్ళుగా కోస్తారు. లక్షల గళ్ళు. ఒక్కో గడికి ఒక పద్దు. ఈ క్షణంలో ఇందులోకి ఎంత గాలి వచ్చింది, ఎంత పోయింది, మిగిలిందెంత? వేడి ఎంత వచ్చింది, ఎంత పోయింది? వేగం ఎంత? ఒక గడి నుంచి పోయిందంతా పక్క గడికి చేరి తీరాలి, నడుమ మాయం కాకూడదు.

"ఇది వెచ్చాల పుస్తకమే కదే!" అన్నాను.

"అంతే పిన్నీ. కాకపోతే మైక్రో సెకనుకోసారి లక్షల ఇళ్ళ వెచ్చాల పుస్తకాలు రాయాలి."

(మా ఇంటి పద్దులో నెలకు వందో రెండొందలో ఎక్కడ మాయమవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. ఆ సంగతి దానికి చెప్పలేదు.)

చల్లారే కాఫీ

అప్పటికి కాఫీ గ్లాసులు మా ముందుకొచ్చాయి. "దీంతోనే చెబుతా చూడు" అని బుజ్జి నోట్‌బుక్ తీసింది. మీరూ కాగితం, పెన్ను పట్టుకుంటే బావుంటుంది. కష్టమేమీ లేదు.

కాఫీ 90 డిగ్రీలు, గది 30 డిగ్రీలు. తేడా 60. ఎంత తేడా ఉంటే అంత తొందరగా చల్లారుతుంది, ఇది న్యూటన్ చెప్పిన సంగతి. ఉన్న తేడాలో పదో వంతు చొప్పున నిమిషానికి చల్లారే వేగం అనుకుందాం, సులువు కోసం. పది నిమిషాల తర్వాత కాఫీ ఎంత వేడిగా ఉంటుంది? దీనికి సూత్రం ఉంది కాబట్టి అసలు జవాబు ముందే తెలుసు. 52.1 డిగ్రీలు.

సూత్రం తెలియనట్టు నటిద్దాం. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆయిలర్ 1768లో చెప్పిన పద్ధతి ఏమిటంటే, ఇప్పుడున్న వేగం ఓ నిమిషం దాకా మారదనుకుని ఓ అడుగు వెయ్యి. అక్కడ ఆగి కొత్త వేగం చూసుకుని ఇంకో అడుగు వెయ్యి. మొదటి నిమిషంలో 60లో పదో వంతు, 6 డిగ్రీలు పోతే 84. తేడా ఇప్పుడు 54. రెండో నిమిషంలో 5.4 పోతే 78.6. ఇలా పది అడుగులు వేస్తే 50.9 వస్తుంది. అసలు జవాబుకు డిగ్రీ పైచిలుకు తక్కువ. అరనిమిషం చొప్పున ఇరవై అడుగులు వేస్తే 51.5. అడుగు సగమైతే తప్పు కూడా సగమైంది!

ఇప్పుడు బద్ధకించి పెద్ద అడుగులు వేద్దాం. అయిదు నిమిషాల అడుగులు రెండు వేస్తే 45. పది నిమిషాలూ ఒకే అడుగులో వేస్తే సరిగ్గా 30, కాఫీ నీళ్ళలా చల్లారిపోయింది. పదిహేను నిమిషాల అడుగు వేస్తే? 60లోంచి 90 పోవాలి. కాఫీ సున్నా డిగ్రీలకు దిగింది! ముప్ఫై డిగ్రీల గదిలో కాఫీ గడ్డకడుతోందన్నమాట. పాతిక నిమిషాల అడుగు వేస్తే సున్నా కింద 60 డిగ్రీలు. అక్కడి నుంచి ఇంకో పాతిక నిమిషాలకు 165 డిగ్రీలు. పొయ్యి మీద పెట్టకుండానే కాఫీ మరిగి పొంగిపోయింది!

నేను నవ్వాను. బుజ్జి నవ్వలేదు. "నవ్వకు పిన్నీ. పెద్ద అడుగు వేస్తే నా ఇంజను కూడా సరిగ్గా ఇలాగే పేలుతుంది. కంప్యూటర్లోనే అనుకో. ఇంత పిచ్చి జవాబయితే పరవాలేదు, తప్పని చూడగానే తెలిసిపోతుంది. నా భయం 45 లాంటి జవాబుతోనే. చూడ్డానికి నమ్మేలా ఉంటుంది."

ఆ మాట నా మనసులో అలా ఉండిపోయింది.

దీనికి మందు లేకపోలేదు. రుంగే-కుట్టా వారి పద్ధతిలో ఒకే అడుగు వేసే ముందు నాలుగు చోట్ల వేగం తూచి, సగటు తీసి వేస్తారు. పది నిమిషాలూ ఒక్క అడుగులో వేస్తే ఆయిలర్‌కు 30 వచ్చింది కదా, వీళ్ళకు 52.5 వచ్చింది. బుజ్జి చూస్తుండగా చేశాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత! ఇంకో మందు ఏమిటంటే, అడుగు మొదట్లో ఉన్న వేగం కాకుండా అడుగు చివర ఉండబోయే వేగంతో లెక్క కట్టడం. చివర ఏముంటుందో ముందే ఎలా తెలుస్తుంది? తెలియదు. అందుకే దాన్ని తెలియనిదిగా పెట్టుకుని సమీకరణం సాధించాలి. ఆ పద్ధతిలో పాతిక నిమిషాల అడుగుకు 47 వస్తుంది. అసలు జవాబు 35. తప్పే, కానీ కాఫీ గడ్డకట్టదు, పొంగదు. మంటలో కొన్ని రసాయన చర్యలు మైక్రో సెకను కన్నా ఎంతో తక్కువ సమయంలో అయిపోతాయి, కొన్ని మిల్లీ సెకన్లు తీసుకుంటాయి. కుందేలునూ తాబేలునూ ఒకే తాడుకు కట్టి నడిపించినట్టు. అక్కడ ఈ రెండో మందు లేనిదే పని జరగదట.

అది ఒక్క గడి సంగతి. లక్షల గళ్ళయితే ఒకదాని జవాబు పక్కదాని మీద ఆధారపడుతుంది. అన్నిటికీ ఉజ్జాయింపుగా ఏదో ఒకటి వేసుకుని, పక్క గళ్ళను చూసి సర్దుతూ, మళ్ళీ సర్దుతూ, ఇక మార్పు రావడం లేదనేదాకా తిప్పుతారు. పులుసులో ఉప్పు వేసి, రుచి చూసి, మళ్ళీ చిటికెడు వేసినట్టు. బుజ్జి 'లెక్క కుదరడం లేదు' అన్నది మొదట్లో దీని గురించేనట. ఎంత తిప్పినా సర్దుబాటు కాలేదు. ఆ చిక్కు మొదటి వారంలోనే తీరింది. రెండో వారంలో వచ్చిందే అసలు చిక్కు.

పదహారు రెట్లు

అది చెప్పేముందు గడి సైజు సంగతి చెప్పాలి. గడి ఒక మిల్లీమీటరు అనుకోండి. అంత వేడి గాలిలో శబ్దం సెకనుకు దాదాపు వెయ్యి మీటర్ల వేగంతో పోతుంది. అంటే ఒక మిల్లీమీటరు దాటడానికి ఒక మైక్రో సెకను. ఆయిలర్ లాంటి సూటి పద్ధతిలో అడుగు అంతకన్నా పెద్దదయితే, వార్త ఒక గడిని దాటి పైగడికి పోయాక మనం పద్దు రాస్తున్నట్టు. కాఫీ పొంగినట్టే లెక్క పొంగుతుంది. 1928లోనే కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు ఈ నియమం రాసిపెట్టారు. అప్పటికి కంప్యూటర్లే లేవు! సరే, సెకనులో పాతికో వంతుకు 40 వేల అడుగులు. గడిని సగం చేస్తే? పొడవులో రెండు, వెడల్పులో రెండు, ఎత్తులో రెండు, మొత్తం గళ్ళు ఎనిమిది రెట్లు. అడుగు కూడా సగం చెయ్యాలి కాబట్టి పని పదహారు రెట్లు. ఒక రోజులో అయ్యే లెక్క రెండు వారాలు దాటుతుంది.

ఇంతకీ బుజ్జి చేసిన నేరం ఇదే. గడిని చిన్నది చేసింది.

దాని ఆఫీసులో (ఆ కంపెనీ పేరు మనకనవసరం) అలవాటుగా వాడే గడి సైజు ఒకటుంది. దాంతో కొత్త డీజిల్ ఇంజన్ లెక్క కట్టింది. పొగలో నైట్రోజన్ ఆక్సైడులు వాళ్ళు పెట్టుకున్న గీతకు కొంచెం కింద వచ్చాయి. అంతా సంతోషించారు. దీనికెందుకో మనసొప్పక మంట మండే చోట మటుకు గళ్ళు సగం చేసి మళ్ళీ నడిపింది. ఈసారి గీతకు పైన వచ్చాయి!

"అదెలాగే? ఇంజన్ అదే, డీజిల్ అదే, గడి మారితే పొగ మారుతుందా?"

"ఇంజన్లో మారదు పిన్నీ, లెక్కలో మారుతుంది. పెద్ద గడి ఏం చేస్తుందంటే, లోపల ఒక మూల భగ్గున మండుతున్నా, ఇంకో మూల చల్లగా ఉన్నా, రెంటినీ కలిపి సగటు రాసేస్తుంది. నైట్రోజన్ ఆక్సైడులకు సగటుతో పనిలేదు. సుమారు 1,500 డిగ్రీలు దాటాక వేడి కాస్త పెరిగితే చాలు, అవి గబగబా పెరిగిపోతాయి. ఆ భగ్గుమనే మూలల్లోనే పుడతాయి. ఆ మూలలు సగటులో కరిగిపోతే పొగ శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది."

వీధి మొత్తానికి సగటు ఆదాయం కట్టి, ఇక్కడ పస్తులున్నవాళ్ళెవరూ లేరన్నట్టు. అంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాదు.

మేనేజరు చెడ్డవాడేం కాదట. ఆయన వాదనా ఆలోచించదగ్గదే. "ఇదే గడి సైజుతో కిందటి ఇంజన్ లెక్క కట్టాం, తర్వాత తయారుచేసి పరీక్షిస్తే సరిపోయింది. ఇంతకంటే రుజువేం కావాలి? ఈ వారం డ్రాయింగులు పోకపోతే తయారీ నెల రోజులు వెనకబడుతుంది" అన్నాడు. బుజ్జి జవాబు, "కిందటి దాంట్లో పిస్టన్ నెత్తిమీద గుంట వేరు, డీజిల్ చిమ్మే ఒత్తిడి వేరు. అప్పుడు సరిపోయిందని ఇప్పుడూ సరిపోతుందనే పూచీ లేదు" అని. రిపోర్టు మీద సంతకం పెట్టనంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల! పదిమంది మగవాళ్ళున్న గదిలో "ఎందుకంత భయం నీకు?" అని ఒకాయన నవ్వాడట. అది మాత్రం చెబుతుంటే దాని గొంతు వణికింది.

రిచర్డ్‌సన్ గారి గడ్డివాము

సంతకం పెట్టనంటే సరిపోదు. తప్పెంతో చెప్పాలి. దానికి వాడే ఉపాయం లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషాయన నేర్పింది. ఈయన కథ బుజ్జి చెబుతుంటే కథలు రాసే నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. యుద్ధాలు కిట్టని మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టకుండా ఫ్రాన్సులో గాయపడ్డ సైనికుల్ని మోసే అంబులెన్సు నడిపాడు. విరామం దొరికినప్పుడు గడ్డివాము మీద కూర్చుని వాతావరణం లెక్క కట్టాడు. ఆకాశాన్ని గళ్ళుగా కోసి, 1910 మే 20న ఆరుగంటల్లో గాలి ఒత్తిడి ఎంత మారిందో చేత్తో సాధించాడు. 1917లో యుద్ధం మధ్య ఆ కాగితాలు పోయాయి. కొన్ని నెలలకు బొగ్గు కుప్ప కింద దొరికాయి! ఇంతా చేస్తే వచ్చిన జవాబేమిటి? ఒత్తిడి 145 మిల్లీబార్లు మారిందని. నిజానికి ఆ రోజు అది దాదాపు మారనే లేదు. పద్ధతి తప్పు కాదు, మొదట వేసుకున్న అంకెల్లో పొంతన లేకపోవడం వల్ల అలా వచ్చిందని చాలా ఏళ్ళ తర్వాత తేలింది. ఆయన మాత్రం తప్పు జవాబును దాచుకోలేదు. 1922లో పుస్తకంగా అచ్చువేశాడు. ప్రపంచ వాతావరణం లెక్క కట్టడానికి 64,000 మంది మనుషులు ఓ పెద్ద గుండ్రటి హాల్లో కూర్చుని కూడికలు వేస్తున్నట్టు, నడుమ ఒకాయన తొందరపడేవాళ్ళ మీద గులాబి దీపం, వెనకబడ్డవాళ్ళ మీద నీలి దీపం వేస్తున్నట్టు అందులో ఊహించాడు.

అలాంటి కూడికలు వేసే మనుషుల్నే ఆ రోజుల్లో 'కంప్యూటర్' అనేవారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు! అమెరికాలో అణుబాంబు తయారైన లాస్ ఆలమోస్‌లో 1943 నుంచీ చేతి మిషన్ల మీద లెక్కలు కట్టినవాళ్ళలో శాస్త్రవేత్తల భార్యలు చాలామంది ఉన్నారు. 1950లో ఎనియాక్ అనే తొలి తరం కంప్యూటర్ మీద మొదటిసారి వాతావరణం లెక్క కట్టినప్పుడు ఆ శాస్త్రజ్ఞులకు ప్రోగ్రాం రాయడం నేర్పింది క్లారా వాన్ నాయ్‌మన్ అనే ఆమె. ఆమె భర్త పేరే లోకానికి ఎక్కువ తెలుసు.

ఆ లాస్ ఆలమోస్ నుంచే ఇంజన్ల లెక్క కూడా వచ్చిందంటే నాకు ఒకపట్టాన నమ్మబుద్ధి కాలేదు. బాంబు కోసం నేర్చుకున్న మంటలూ వాయువుల విద్యను అక్కడివాళ్ళు ఇంజన్ల వైపు తిప్పారు. 1985లో 'కివా' అనే ప్రోగ్రాం బయటికిచ్చారు. కివా అంటే అక్కడి ప్యూబ్లో ఆదివాసులు పూజలకు వాడే గుండ్రటి గది. నేలలో ఉంటుంది, కప్పులోంచి నిచ్చెన వేసుకుని దిగాలి. సిలిండర్ కూడా గుండ్రటిది, గాలి పైనున్న వాల్వుల్లోంచి దిగుతుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. పిస్టన్ పైకొస్తుంటే లోపలి గళ్ళు కూడా దాంతోపాటు అణిగి, దిగుతుంటే సాగుతాయి. ఎన్నో విశ్వవిద్యాలయాల పిల్లలు దానిమీదే పని నేర్చుకున్నారు. 2007లో కమిన్స్ కంపెనీ ఓ 6.7 లీటర్ల డీజిల్ ఇంజన్‌ను పూర్తిగా కంప్యూటర్ లెక్కలతోనే రూపొందించి, పరీక్ష చివర్లో సరిచూసుకోవడానికి మాత్రమే చేసిందని అమెరికా ఇంధన శాఖ చెప్పింది. ఖర్చూ, సమయం నూటికి పదీ పదిహేను వంతులు కలిసొచ్చాయట.

రిచర్డ్‌సన్ ఉపాయం దగ్గరికొద్దాం. మన కాఫీలో నిమిషం అడుగుకు 50.9, అరనిమిషం అడుగుకు 51.5 వచ్చాయి. అడుగు సగమైతే తప్పు సగమవుతుందని తెలుసు కదా. అంటే ఈ రెంటి మధ్య తేడా 0.6 ఎంతో, ఇంకా మిగిలిన తప్పు కూడా దాదాపు అంతే. 51.5కి 0.6 కలిపితే 52.1. అసలు జవాబు వచ్చేసింది! రెండు తప్పు జవాబుల్లోంచి ఒక సరైన జవాబు. నా చిన్నప్పటి మాస్టారు ఇలా చెప్పి ఉంటే నేను ఎం.ఎస్సీ. వదిలేదాన్ని కాదేమో... సరే, ఆ మాట ఇప్పుడెందుకు.

బుజ్జికి కావలసింది మూడో జవాబు. గడి ఇంకా సగం చేసి నడపాలి. రెండూ చూసి పోలిక పట్టింది కాబట్టి మూడోది కూడా అదే దారిలో పోతే, అసలు అంకె ఎక్కడ ఆగుతుందో చెప్పగలదు. అందుకే మేనేజరును బతిమాలి పది రోజులు మిషన్లు అడిగింది. అవి రాత్రీ పగలూ నడుస్తున్నాయి. నడుమ ఎక్కడైనా ఆగితే మళ్ళీ ఎక్కించాలి. ఆ పది రోజుల్లోనే రెండో పెళ్ళిచూపుల ఆదివారం పడింది.

"వేరే ఎవరినైనా చూడమని చెప్పి రావచ్చుగా" అన్నాను.

"ఎవరిని? ఈ లెక్క తప్పని తేలాలని ఎదురుచూస్తున్నవాళ్ళనా?"

నేను తర్కం మార్చాను. "అయినా ఒక పదో పరకో ఎక్కువొస్తే ఏమవుతుందే? పొగగొట్టంలో శుభ్రం చేసే పరికరాలేవో ఉంటాయంటారుగా."

"ఉంటాయి. వాటికీ ఓ హద్దుంది. బాబిగాడికి ఇప్పుడెలా ఉంది పిన్నీ?"

అంతే అడిగింది. నేను మాట్లాడలేకపోయాను. బాబిగాడు మా చిన్నవాడు. విజయవాడలో మా ఇల్లు లారీలు తిరిగే రోడ్డు మీద. చలికాలం వచ్చిందంటే రాత్రిళ్ళు వాడు ఎగశ్వాస పీలుస్తుంటే నెబ్యులైజర్ పెట్టుకుని కూర్చోవడం నాకలవాటు. వాడి జబ్బుకు ఫలానా కారే కారణమని నేను అనడం లేదు. కానీ నైట్రోజన్ ఆక్సైడులు ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఏం చేస్తాయో డాక్టర్లు చెప్పిందే. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ ఆరు నిబంధనలు వచ్చాయి. అంతకుముందు డీజిల్ కారు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడులు వదలొచ్చు. ఆ రోజు నుంచి 80. మసి 25 నుంచి 4.5 మిల్లీగ్రాములకు దిగింది. స్టేజ్ అయిదును దాటేసి నాలుగు నుంచి ఏకంగా ఆరుకు ఎగిరారు. అంత సన్నని గీతల దగ్గర లెక్కలో వచ్చే చిన్న తప్పు కూడా చిన్నది కాదు.

2015లో ఫోక్స్‌వాగన్ గొడవ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పరీక్ష గదిలో ఉన్నప్పుడు కనిపెట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించేలా కార్లలో ప్రోగ్రాం పెట్టారు. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లు! దాన్ని బయటికి లాగిన దారి వింటే ఆశ్చర్యమేస్తుంది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కారు డిక్కీలో కొలిచే పరికరాలు పెట్టుకుని లాస్ ఏంజెలిస్ నుంచి సియాటిల్ దాకా నడిపి చూశారు. ఆ బృందంలో మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. "అది మోసం, మీ ఆఫీసుది మోసం కాదుగా" అంటే, "కాదు. మా దగ్గర ఎవరికీ మోసం చేసే ఉద్దేశం లేదు. అందుకే నాకు చెప్పడం కష్టమవుతోంది" అంది.

మూడు రోజులున్నాను. వంట చేసి పెట్టాను. అది నిద్రపోయిన రెండు రాత్రులు మిషన్ ఆగిపోయిందేమో చూసి లేపే పని నేను చేశాను. ఎర్రగీత ఆగితే లేపమంది. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి లేపాను కూడా. దాన్ని వెంటబెట్టుకు రావడం మాత్రం చెయ్యలేదు.

మూడో జవాబు నేను ఊరికొచ్చిన వారానికి వచ్చింది. గీతకు ఇంకా కాస్త పైకి పోయింది. అసలు అంకె ఎక్కడ ఆగుతుందో బుజ్జి రాసిచ్చింది. మేనేజరు ఒక పూట మాట్లాడలేదట, తర్వాత ఆయనే పై వాళ్ళకు చెప్పి డ్రాయింగులు ఆపించాడు. పొగలో కొంత మళ్ళీ సిలిండర్లోకి పంపితే మంట చల్లబడి నైట్రోజన్ ఆక్సైడులు తగ్గుతాయి, కానీ మసి పెరుగుతుంది. ఒకటి నొక్కితే ఒకటి లేస్తుంది. డీజిల్ చిమ్మే సమయం కొంచెం జరిపి, గుంట అంచు మార్చి, మళ్ళీ లెక్క. ఇంకో మూడు వారాలు పట్టింది. నవ్వినాయన ఇప్పుడు తన లెక్కలు కూడా ఓసారి చూడమని పంపిస్తున్నాడట.

ఏలూరు సంబంధం తప్పిపోయింది. 'లెక్కల పిచ్చి ఉన్న పిల్ల మాకొద్దు' అని మధ్యవర్తితో చెప్పించారు. అక్క నాతో నెలన్నర మాట్లాడలేదు. మొన్న రాఖీకి వచ్చినప్పుడు మాత్రం బాబిగాడికి మందు పడుతూ "ఇంతకీ ఆ గడి సంగతేమిటే, నాకూ చెప్పు" అంది. కాఫీ పెట్టాను.

అన్నట్టు, పైన కాఫీ లెక్క మళ్ళీ నేనే చేత్తో వేశాను. వెచ్చాల పుస్తకం చివరి పేజీలో, పాల లెక్క పక్కన. ఫొటో తీసి బుజ్జికి పంపితే అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది: "పిన్నీ, ఏడో అడుగులో 0.478కి బదులు 0.487 రాశావు. మిగతాదంతా దాంతో పోయింది." చూసుకుంటే నిజమే. మీరు చదివింది దిద్దిన లెక్క.